నీరసం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నీరసం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ కుదరడం లేదు. తమరు కుశలంగా ఉంటే నేను ఉండను, నేను ఉంటే తమరుండరు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా తమరి పాలనాదక్షతకు జోహార్లు. రోజంతా కుర్చీలో కూర్చుని, వేళ్లు తప్ప మరే అవయవాన్నీ కదపని మనిషి చేత సాయంత్రానికి కొండ దిగివచ్చినవాడిలా మూలిగించడం సామాన్యులకు సాధ్యమా? భోజనం కాగానే రెప్పల మీద ఆసీనులవుతారు. మూడు గంటలకు ఆవులింతను రాయబారం పంపుతారు. ఇల్లు చేరేసరికి మనిషి పూర్తిగా తమరి పరం. సోఫాలో కూలబడ్డవాడు పక్కగదిలో ఫోను మోగుతుంటే అది దానంతట అదే ఆగేదాకా ఓపిక పడతాడు. రిమోటు జానెడు దూరంలో ఉన్నా సరే, చెయ్యి చాపలేక నచ్చని కార్యక్రమాన్నే చివరిదాకా చూస్తాడు. ఇంతటి విధేయత ఏ ప్రభువుకు దక్కింది?

అంతకన్నా ఘనమైనది తమరి వైద్యం. ‘బాగా అలిసిపోయావు, కాస్త నడుం వాల్చు’ అంటారు. వాలుస్తాం. లేచేసరికి తమరు ఇంకాస్త బలిసి ఉంటారు. ‘సరిపోలేదు, మళ్లీ వాల్చు’ అంటారు. రోగమూ తమరే, చీటీ రాసే వైద్యుడూ తమరే.

ఈ వైద్యం సత్తా ఏపాటిదో 1966లో అమెరికాలోని డల్లాస్‌లో తేలింది. ఆరోగ్యంగా ఉన్న 20 ఏళ్ల యువకులను అయిదుగురిని 3 వారాలపాటు మంచం దిగనివ్వలేదు. శ్రమపడేటప్పుడు ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం వాళ్లలో పావు వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్లు గడిచాక అదే అయిదుగురిని మళ్లీ పరీక్షించారు. ఇన్నేళ్ల వయసు చేసిన నష్టం ఆ 3 వారాల పడక చేసినంత కూడా లేదట. వార్ధక్యాన్నే ఓడించిన ఘనులు తమరు! ఈ సంగతి ఎక్కడా చెప్పుకోకపోవడం తమరి వినయమే అనుకుంటాను.

అయితే ప్రభూ, తమరి రాజ్యంలోనే తిరుగుబాటుదారులున్నారు. కండరాల కణాల్లో కాపురముండే మైటోకాండ్రియాల సంగతే చెబుతున్నాను. మనం తిన్నదాన్ని, పీల్చిన ఆక్సిజన్ సాయంతో, ఏటీపీగా, అంటే శరీరం ఖర్చుపెట్టుకోగల శక్తిగా మార్చేవి అవే. పని చెప్పకపోతే తగ్గిపోతాయి, రోజూ పని చెబితే పెరుగుతాయి. 1967లో ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి చూస్తే, వాటి కండరాల్లో ఆక్సిజన్‌తో శక్తిని పుట్టించే సామర్థ్యం దాదాపు రెండింతలైంది. కదలకుండా కూర్చుంటే ఓపిక మిగులుతుందన్న తమరి లెక్క తప్పింది ఇక్కడే.

వ్యాయామమంటే చెమటలు కక్కడం, బరువులెత్తడం, మర్నాడు మెట్లు దిగలేకపోవడం అని తమరు చేసిన ప్రచారం కూడా బయటపడిపోయింది. ఎప్పుడు చూసినా నీరసమే అంటూ, ఒళ్లు కదిపే అలవాటు లేని యువతీయువకుల మీద అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వారు చేసిన పరిశోధన 2008లో వెలువడింది. వారానికి 3 సార్లు, 20 నిమిషాల చొప్పున 6 వారాలు సైకిలు తొక్కించారు. మెల్లగా తొక్కినవాళ్లకూ, కాస్త గట్టిగా తొక్కినవాళ్లకూ హుషారు 20 శాతం పెరిగింది. అలసట మాత్రం గట్టిగా తొక్కినవాళ్లలో 49 శాతం తగ్గితే, మెల్లగా తొక్కినవాళ్లలో 65 శాతం తగ్గింది. తీరుబడిగా తొక్కితే తమరు ఇంకా ఎక్కువ దూరం పారిపోతారన్నమాట! ఆ విశ్వవిద్యాలయంవారే 2017లో ఇంకో ముచ్చట చెప్పారు. నిద్ర చాలని యువతులకు 50 మిల్లీగ్రాముల కెఫీన్ కన్నా 10 నిమిషాలు మెట్లెక్కి దిగడమే ఎక్కువ ఉత్సాహాన్నిచ్చిందట. ఆ ఉత్సాహం ఎక్కువసేపు నిలిచేది కాదు, అది వేరే సంగతి.

న్యాయంగా ఒక మాట. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు కూడా తమరి వేషం కట్టి తిరుగుతుంటాయి. వాటి పని పట్టాల్సింది డాక్టరు. దీర్ఘకాలిక అలసట జబ్బుతో బాధపడేవాళ్లకైతే శ్రమ కీడే చేయవచ్చు. వాళ్లను ‘లేచి నడవండి’ అని సతాయించేవాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను. నా పేచీ అంతా కూర్చుని కూర్చుని తెచ్చుకున్న తమరితోనే.

గాభరా పడకండి, తమరి సింహాసనానికి ఇప్పట్లో ముప్పు లేదు. వారానికి 150 నిమిషాలు ఓ మాదిరిగా ఒళ్లు కదిపితే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022లో ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం మంది ఆపాటి కూడా కదలలేదని లెక్క తేల్చిందీ ఆ సంస్థే. ‘రేపటి నుంచి’ అనే మంత్రిగారు కొలువులో ఉన్నంతకాలం సోమవారాలూ, ఒకటో తారీఖులూ, కొత్త సంవత్సరాలూ అన్నీ తమరి ఖాతాలోకే జమ.

ఇక సెలవు. నేను మెట్ల మీదుగా వెళ్తున్నాను. తమరు లిఫ్టులో దయచేయండి.

ఇట్లు,
నిన్నటిదాకా తమరి విధేయుడు