పిట్టే దరఖాస్తు పెట్టుకోవాలట, అర్జునా!

శ్రీ అర్జున అవార్డు గారికి,

ఒక రిటైర్డ్ పీఈటీ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. కంచు ఒంటికి జలుబా, జ్వరమా! ఏడాదికోసారి రాష్ట్రపతి భవన్‌లో ఫోటోలు దిగుతారు, ఆ తర్వాత ఎవరింటికో వెళ్ళి షోకేసులో టీవీ పక్కన సెటిలవుతారు. మీ వెంట 15 లక్షల రూపాయలు కూడా వెళ్తాయి కాబట్టి ఏ ఇంట్లోనూ మర్యాదకి లోటుండదు.

మిమ్మల్ని నేను ముట్టుకున్నది లేదు. అయినా మన పరిచయం పాతదే. జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించాను. ఏటా జూన్‌లో ఆరో తరగతికి కొత్తగా వచ్చిన వాళ్ళని వేపచెట్టు కింద కూచోబెట్టి మీ కథే చెప్పేవాణ్ణి. ద్రోణుడు అడుగుతాడు, చెట్టు కనబడుతోందా అని. లేదు. కొమ్మ? లేదు. పిట్ట? లేదు, పిట్ట కన్ను ఒక్కటే కనబడుతోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు మాత్రం, "సార్, అంతసేపు మాట్లాడుకుంటుంటే పిట్ట ఎగిరిపోలేదా?" అని అడిగేవాడు. కొయ్యపిట్టరా, కూచో అనేవాణ్ణి.

ఆ ప్రశ్నకి అసలు జవాబు నాకు రిటైరయ్యాక తెలిసింది. పిట్ట ఎందుకు ఎగురుతుందండీ, గడువు తేదీలోగా దరఖాస్తు పెట్టుకుని, అన్ని జిరాక్సులూ జతపరిచి, కొమ్మ మీద బుద్ధిగా కూర్చుని ఉంటే!

అంత గురిగల విలుకాడి పేరు పెట్టుకున్న మీరు ఇవాళ గురి చూడరు. నోటిఫికేషన్ ఇస్తారు. గెలిచినవాళ్ళే ఆన్‌లైన్‌లో ఫారం నింపి, నేను ఇంత బాగా ఆడాను, ఇదిగో నా పతకాలు అని రాసుకోవాలి. గత నాలుగేళ్ళ ఆటతో పాటు నాయకత్వ లక్షణాలు, క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణ కూడా చూస్తామని మీ నిబంధనల్లో ఉంది. తన క్రీడాస్ఫూర్తిని తనే పొగుడుకుంటూ ఫారం నింపేవాడికి అది ఏపాటి మిగులుతుందో... సరే, పెద్దవారు, మీకే తెలియాలి.

మీ ఇంట్లోనే జరిగిన సంగతి చూడండి. మీ తర్వాత ముప్పై ఏళ్ళకి, 1991-92లో పుట్టి, మీకన్నా పెద్దపీట ఎక్కి కూచున్న తమ్ముడున్నాడు కదా, ఖేల్ రత్న. 2024లో షూటర్ మను భాకర్ పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. స్వతంత్రం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన భారతీయులు అంతకుముందు లేరు. దేశమంతా టీవీల ముందు కూచుని చూసింది. డిసెంబరులో ఖేల్ రత్న పేర్లు బయటికొస్తే అందులో ఆ పిల్ల పేరు లేదు. దరఖాస్తే రాలేదని అధికారులన్నారు. పెట్టామని తండ్రి అన్నారు. చివరికి ఆ పిల్లే, నామినేషన్ నింపడంలో నా వైపు నుంచే పొరపాటు జరిగి ఉండొచ్చు అని రాసుకుంది. పది మీటర్ల దూరం నుంచి పాయింట్లో పదో వంతు లెక్కన కాల్చే మనిషి! ఎయిర్ పిస్టల్ ఫైనల్లో రజతం చేజారింది కూడా సరిగ్గా 0.1 తేడాతోనే. ఆ గురికి అందనిది మీ ఫారం ఒక్కటే. గొడవ అయ్యాక 2025 జనవరి 2న జాబితా వచ్చింది, అందులో పేరుంది. గొడవ చేయడం రాని వాళ్ళ సంగతి ఏమిటని నా ధర్మసందేహం.

ఫారాల మీద నాకెందుకింత కసి అనుకుంటారేమో. ఒక అనుభవం ఉంది. మా స్కూల్లో ఖోఖో ఆడే పిల్ల ఒకతె, స్తంభం దగ్గర అలా మెలిక తిరిగిందంటే వెంటపడే వాళ్ళు ఎండుగడ్డిలో బోర్లా పడాల్సిందే. ఒక సంస్థ వాళ్ళు గ్రామీణ క్రీడాకారిణులకి ఏదో అవార్డు ఇస్తామంటే, ఆ పిల్లని తీసుకుని నెట్ సెంటరుకి వెళ్ళాను. ఆధార్‌లో ఇంటిపేరు వెనక ఉంది, సర్టిఫికెట్‌లో ముందు ఉంది. ఇద్దరూ ఒకరేనా అని కంప్యూటర్‌కి అనుమానం. సర్టిఫికెట్ పాడవకుండా వాళ్ళ నాన్న లామినేషన్ చేయించాడు, స్కాన్ చేస్తే ట్యూబ్‌లైటు మెరిసి అక్షరాలు కనబడటం లేదు. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంట. తగ్గిస్తే ఆ పిల్ల మొహం మాయమై చెవి రిబ్బన్లు మిగిలాయి. అన్నీ సర్దుకుని మర్నాడు వెళ్ళేసరికి గడువు అయిపోయింది. ఆ పిల్ల మాత్రం నవ్వి, "పోనీలెండి సార్, సాయంత్రం ప్రాక్టీసుందిగా" అంది. నాకు నవ్వు రాలేదు.

ఇంకో మాట. 1985 నుంచి మీ గురువుగారి పేరు మీద కోచ్‌లకి ద్రోణాచార్య అవార్డు ఇస్తున్నారు. ఫీజు కట్టని శిష్యుడి దగ్గర కుడిచేతి బొటనవేలు వసూలు చేసిన గురువు పేరు ఉత్తమ శిక్షకుడి బహుమానానికి పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్ళ చాతీ కొలవాలి. కర్ణాటకలోనూ, ఒడిశాలోనూ ఏకలవ్యుడి పేరుతో అవార్డులున్నాయి, సంతోషం. మన ఏకలవ్యుడే ఇవాళ నెట్ సెంటరుకి వస్తే? బొటనవేలు లేదు కాబట్టి వేలిముద్ర పడదు. ఓటీపీతో ప్రయత్నిద్దామా అంటే అడవిలో సిగ్నల్ లేదు. కోచ్ పేరు రాయాల్సిన గడిలో మట్టిబొమ్మ అని రాస్తాడు. రిజెక్ట్.

మీలో నాకు నచ్చిన గుణం లేకపోలేదు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే విగ్రహం, ఒకటే డబ్బు. పుట్టిన ఏడాదే, 1961లోనే, హాకీ ఆడే ఆన్ లమ్స్‌డెన్ ఇంటికి వెళ్ళారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. విరాటరాజు కొలువులో ఏడాదిపాటు బృహన్నలగా ఉండి ఉత్తరకి నాట్యం నేర్పిన అనుభవం ఊరికే పోలేదన్నమాట. మా స్కూల్లో పంద్రాగస్టుకి మగపిల్లలకి కప్పు, ఆడపిల్లలకి స్టీలు గిన్నె ఇచ్చేవాళ్ళు. నేను వెళ్ళి అడిగితే పెద్దాయన ఒకరు, "గిన్నె అయితే పెళ్ళప్పుడు పనికొస్తుంది కదండీ" అన్నారు. అందరికీ గిన్నెలే ఇప్పించండి అన్నాను. మర్నాటినుంచి మగపిల్లల తల్లులు నన్ను దేవుడిలా చూశారు.

మీ గురి తప్పిన సందర్భాలు ఎక్కువ రాయను, పేజీ చాలదు. 2014లో బాక్సర్ మనోజ్ కుమార్‌ని డోపింగ్‌లో దొరికిన ఇంకో మనోజ్ కుమార్ అనుకుని పక్కన పెట్టారు. 2010 కామన్‌వెల్త్ బంగారు పతకం తెచ్చినవాడు ఢిల్లీ హైకోర్టుకెళ్ళి నేను నేనే అని నిరూపించుకుని మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మిల్ఖా సింగ్ రోమ్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది 1960లో, మీరు పుట్టింది ఆ మరుసటేడు. ఆయన గుర్తొచ్చింది మీకు 2001లో. వద్దు పొమ్మన్నాడు. మనవల్ని ఎత్తుకునే వయసులో బాలసారెకి పిలిస్తే ఎవరు మాత్రం వస్తారు?

సాక్షి మలిక్ కథ ఇంకో రకం. 2016లో రియో ఒలింపిక్స్ కుస్తీలో కాంస్యం గెలిచిందని నేరుగా ఖేల్ రత్న ఇచ్చారు. 2020లో మీ ఎంపిక సంఘం మీకోసం ఆమె పేరు రాస్తే, పెద్దది ఉంది కదా చిన్నది ఎందుకని పైవాళ్ళు కొట్టేశారు. ఇంకే పతకం తెస్తే అర్జున ఇస్తారని ఆ అమ్మాయి ప్రధానికే ఉత్తరం రాసింది. బిర్యానీ తిన్నావు కదా పెరుగన్నం ఎందుకన్నట్టుంది. మా ఇళ్ళలో బిర్యానీ తిన్నాకే పెరుగన్నం తింటారు.

ఆ సాక్షే 2023 డిసెంబర్ 21న ఢిల్లీలో బూట్లు విప్పి బల్ల మీద పెట్టి, ఇక కుస్తీ పట్టనని ఏడ్చింది. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో నెలల తరబడి రోడ్డు మీద కూచున్న ఆడపిల్లలు వాళ్ళు. డిసెంబర్ 30న వినేశ్ ఫోగాట్ మిమ్మల్నీ, మీ తమ్ముణ్ణీ చేతుల్లో పెట్టుకుని ప్రధాని కార్యాలయానికి బయల్దేరింది. పోలీసులు ఆపేశారు. కర్తవ్య పథ్ మీదే మిమ్మల్ని దింపేసి వెళ్ళిపోయింది.

అజ్ఞాతవాసానికి వెళ్తూ గాండీవాన్ని జమ్మిచెట్టు మీద దాచినవారు మీరు. ఏడాది తర్వాత తీసుకోవచ్చని దాచారు. ఆ పిల్ల దాచుకోలేదు, వదిలేసింది. ఆ చలిలో ఫుట్‌పాత్ మీద మీరు విల్లు ఎక్కుపెట్టుకునే ఉన్నారా? ఎవరి వైపు? ఇది ఎగతాళికి అడగడం లేదండీ.

కోపం మొత్తం కక్కేశాను కాబట్టి ఒక మంచిమాట. మీరు మా వైపు రాకపోలేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి ఇంటికి 1994లోనే వచ్చారు, అంటే సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తడానికి ఆరేళ్ళ ముందే. అప్పుడు మీ చూపు బాగుండేది. హైదరాబాదులో ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్ళారు, వాలీబాల్‌కి 2000లో రమణ దగ్గరికి, 2013లో ఆయన కూతురు సింధు దగ్గరికి. ఆ షోకేసులో మీకు మీరే తోడు.

2025 జనవరి 17న మాత్రం టీవీ ముందు కూచుని కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. 2024కి గాను మిమ్మల్ని అందుకున్నవాళ్ళు 32 మంది, అందులో 17 మంది పారా క్రీడాకారులు. విశాఖ నుంచి జ్యోతి యర్రాజీ, 100 మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో దాటిన పిల్ల. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసిన మనిషి. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి దీప్తి జీవంజి, ఊళ్ళో వాళ్ళు వెక్కిరించిన పిల్ల, 2024లో జపాన్‌లోని కోబెలో పారా పోటీల్లో తన విభాగంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ప్రపంచ రికార్డు కొట్టి, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఈ ఇద్దర్నీ మొట్టమొదట కనిపెట్టింది ఎవరో తెలుసా అర్జునా? స్కూల్లో పీఈటీలు. మా కులం వాళ్ళు. వాళ్ళేం నోటిఫికేషన్ ఇవ్వలేదు. ఒకరు పిల్ల పొడుగు చూశారు, ఒకరు పిల్ల పరుగు చూశారు. జిరాక్సులు అడగలేదు. నీ క్రీడాస్ఫూర్తి గురించి రెండు వందల పదాలు రాయమనలేదు. "రేపట్నించి పొద్దున్నే గ్రౌండుకి రా" అన్నారు, అంతే.

మీరు కూడా ఒక ఏడాది పోర్టల్ మూసేసి, విల్లు భుజాన వేసుకుని, ఒక నోటుబుక్కు పట్టుకుని గ్రౌండ్ల వెంట తిరిగి రాకూడదా? మా ఊరు వస్తే మా ఇంట్లోనే దిగండి. గ్రౌండు చూపిస్తాను. గోల్‌పోస్టు ఒకటే ఉంది, రెండోది పందిరికి వాడుకున్నారు. ఖోఖో పిల్ల పెళ్ళయి పక్కూళ్ళోనే ఉంది, కూతురుకి ఆరో ఏడు. నడవదు, ఉరుకుతుంది.

ఇట్లు,
మీ కథ 31 సార్లు చెప్పినవాడు

తా.క.: ఈ ఉత్తరాన్ని స్కాన్ చేయించి మీకు పంపుదామని అదే నెట్ సెంటరుకి వెళ్ళాను. కుర్రాడు చూసి, "సైజు ఎక్కువైంది సార్, మధ్యలో ఒక నాలుగు పేరాలు తీసేస్తారా?" అన్నాడు. ఏ నాలుగో నువ్వే చెప్పు అంటే చదవడం మొదలుపెట్టాడు. షాపు మూసేవేళ అయింది, ఇంకా చదువుతున్నాడు. అందుకని బహిరంగంగానే రాశాను.