వెనుక వరుసలో వినయం

మొన్న ఆదివారం మా చర్చి సంఘంలో కోతపండుగ జరిగింది. ఆరాధన ముగిసేసరికి నా మనస్సు ఎంతో ఉన్నతమైన స్థితిలో ఉంది. మధ్యాహ్న భోజనం వడ్డించకముందే నేను మూడు వేల అయిదు వందల రూపాయలకు ఒక నాటుకోడి పుంజుకు యజమానినయ్యాను. కొనాలని నేను అనుకోలేదు, కొంటానని అనలేదు, కొన్నానని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఆ ఉదయం మా పాస్టరు అయ్యగారు ప్రసంగానికి, అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక రెండవ అధ్యాయం తీసుకున్నారు. “క్రీస్తుయేసునకు కలిగిన యీ మనస్సు మీరును కలిగియుండుడి” అనే అయిదవ వచనం మాకందరికీ ఆదివారపు బడి నాటి నుంచి కంఠతా వచ్చినదే. ఆయన మాత్రం దానికి రెండు వచనాల ముందున్న మాటను పట్టుకుని వదల్లేదు. కక్షచేతనైనను వృథాతిశయముచేతనైనను ఏమియు చేయక, వినయమైన మనస్సు గలవారై, ఒకనినొకడు తనకంటె యోగ్యుడని ఎంచుకోవాలని పౌలు బంధకాలలో ఉండి రాశాడనీ, రాసింది పగవారికి కాదు, తాను ఎంతగానో ప్రేమించిన సంఘానికేననీ, ఆ సంఘంలోనే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగకపోవడం వల్ల నాలుగవ అధ్యాయంలో వారిని పేరు పేరునా బతిమాలుకోవలసి వచ్చిందనీ వివరించారు. వారిద్దరికీ దేని దగ్గర చెడిందో పత్రికలో లేదు. మా సంఘంలో అటువంటి మరుగు లేదు. పురుషుల వైపు ముందు వరుసలో ఈ కొసన విశ్రాంత తహసీల్దారు గారూ, ఆ కొసన రొయ్యల చెరువుల యజమాని గారూ కూర్చుంటారు. వారి పేర్లూ, వారి వైరానికి కారణాలూ, ఆ వైరం ఏ సంవత్సరం ఏ కమిటీ ఎన్నికలలో మొదలైందో ఆ తేదీలతో సహా ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పగలరు. “తనకంటె యోగ్యుడని” అనే మాట దగ్గర వారిద్దరూ ఒకే క్షణంలో ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ఎవరిని యోగ్యుడని ఎంచుతున్నారో ఆ చూపును బట్టి నాకు అర్థం కాలేదు.

నన్ను పుంజుకు యజమానిని చేసిన వేలంపాట సంగతి ఎరుగనివారి కోసం కొంత చెప్పాలి. డెల్టాలో వరి కోతలయ్యాక విశ్వాసులు తమ ప్రథమఫలాలను గుడికి తెస్తారు. వడ్ల బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు, పొలం లేనివారి పక్షాన ఆవకాయ జాడీలు, కేకులు, అన్నీ ప్రార్థన చేసి ప్రతిష్ఠించిన తరువాత ఆవరణలో షామియానా కింద పాటకు పెడతారు. చేతిలో నగదు ఆడని పల్లె విశ్వాసులు గింజల రూపంలోనూ, కోళ్ల రూపంలోనూ కానుకలిచ్చిన కాలం మన ప్రాంతపు సంఘాలన్నింటికీ ఉంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్ డయాసిస్‌ను, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల మండలాన్ని, నడిపించిన అజరయ్య గారు సంఘం విదేశీ సొమ్ము మీద కాక విశ్వాసుల కానుకల మీదనే నిలబడాలని పట్టుబట్టిన మనిషి. ఇచ్చేవాడు పుంజును ఇచ్చినంత మాత్రాన సరిపోదు, పుంజును బ్యాంకులో వేయలేము గనుక ఎవరో ఒకరు దాన్ని డబ్బుగా మార్చాలి. అందుకే ఈ పాట. ఇంతవరకు వ్యవహారం పరిశుద్ధమైనదే. యాభై రూపాయలు చేయని గుమ్మడికాయ తొమ్మిది వందలకు పోవడం వెనుక ఉన్న శక్తి భక్తి ఒక్కటే కాదని మాత్రం మాకందరికీ తెలుసు. పౌలు వద్దన్న కక్ష, వృథాతిశయం అనే ఆ రెండూ లేకుంటే మా గుడికి ఈపాటికి ప్రహరీగోడ లేచి ఉండేది కాదు. ప్రసంగం ఉదయం తొమ్మిదిన్నరకూ, పాట పదకొండున్నరకూ పెట్టడం కమిటీ వారి తెలివి. మధ్యలో ఆ రెండు గంటలూ లేకపోతే సంఘం ఆర్థికంగా నష్టపోతుంది.

నేను ప్రసంగం తాలూకు వేడి మీదనే ఉన్నాను గనుక షామియానా కింద చిట్టచివరి వరుసలో, బిర్యానీ పొయ్యిల పక్కన ఉన్న కుర్చీని ఏరుకుని కూర్చున్నాను. విందుకు పిలువబడినప్పుడు కడపటి చోటున కూర్చుండుమని లూకా సువార్త పద్నాలుగవ అధ్యాయంలో ప్రభువు సెలవిచ్చిన సంగతి తెలిసిందే. పిలిచినవాడు వచ్చి “స్నేహితుడా, పై చోటికి పొమ్ము” అంటాడని కూడా అదే వచనంలో ఉంది. నేను ఆ రెండవ భాగం కోసం ఎదురుచూశానని ఎవరైనా అంటే అది వారి మనస్సులోని మాటే గాని నాది కాదు. ఎవరూ రాలేదు. పొయ్యి సెగ మాత్రం వీపుకు గట్టిగానే తగిలింది.

పాట నడిపేది మా సంఘ కార్యదర్శి గారు. మిగతా ఆరు రోజులూ ఆయన బీమా ఏజెంటు. ఎదుటివాడు తల ఏ దిక్కుకు ఊపినా దానిని సమ్మతిగా రాసుకోవడం ఆ వృత్తిలో మొదటి పాఠమట.

గెలలూ గుమ్మడికాయలూ అయ్యాక పుంజు వంతు వచ్చింది. నిగనిగలాడే డేగ పుంజు, ఎర్రని మెడ, కాళ్లకు కొబ్బరితాడు. బల్ల కోడుకు కట్టేసిన ఆ పుంజు ఉదయం నుంచి క్వయర్ వారి పాటలన్నీ విని కూడా నోరు మెదపలేదు. సంక్రాంతి దగ్గర పడుతున్న రోజులలో మా జిల్లాలో డేగ పుంజు మీద రొయ్యల చెరువుల యజమానికి ఆసక్తి ఎందుకుంటుందో వివరించడం ఈ వ్యాసం పని కాదు. అయిదు వందల దగ్గర మొదలైన పాట ముందు వరుస ఈ కొసకూ ఆ కొసకూ మధ్య తిరిగి తిరిగి రెండున్నర వేలకు చేరింది. అక్కడ తహసీల్దారు గారు ఆగారు. ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, అన్ని వరుసలనూ దాటి, ఆయనకు ఎదురింటివాడినైన నా వైపు “ఏమంటారు?” అన్నట్టు చూశారు.

ఇక్కడ జరిగినది సరిగా నమోదు కావాలి గనుక కొంచెం నిదానంగా చెబుతాను. ఆ చూపుకు జవాబుగా నేను కుడిచేతిని మోచేతి వరకు ఎత్తి, అరచేతిని ఆకాశం వైపు తిప్పి, వేళ్లను కొద్దిగా ముందుకు చాచాను. తెలుగుదేశంలో పుట్టిన ఎవరికైనా ఈ అభినయానికి అర్థం ఒక్కటే: “కానివ్వండి, మీకే వదిలేశాను.” సమాధానపరచే చెయ్యి అది. ఆ క్షణంలో ఆ ఇద్దరు పెద్దల నడుమ నేను ఒక సాత్వికమైన వంతెనగా నిలిచాననే భావన కూడా నాకు కలిగింది. ఆ భావన ఎంతసేపు ఉందంటే, కార్యదర్శి గారు మైకును నోటి దగ్గరకు తెచ్చుకునేంతసేపు.

“వెనుక వరుసలో మన సహోదరుడు, మూడు వేలు!”

షామియానా కింద ఉన్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను వెంటనే ఆ చేతిని అడ్డంగా ఊపాను, కాదు అనే అర్థంలో. అది చాలదనిపించి రెండవ చేతిని కూడా ఎత్తి ఊపాను.

“మూడు వేల అయిదు వందలు! అదే సహోదరుడు! దేవునికి స్తోత్రం!”

నా పాట మీద నేనే పై పాట పాడుకున్నానన్నమాట. ఇది ఏ వేలం నిబంధనలలోనైనా చెల్లుతుందా అని నేను న్యాయశాస్త్రం చదివిన ఒకరిద్దరిని తరువాత అడిగాను. వారు నవ్వడం తప్ప నిర్దిష్టమైన అభిప్రాయం చెప్పలేదు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఉంది. ఆ ఆజ్ఞను నా అంత అక్షరాలా నెరవేర్చినవారు మా డయాసిస్‌లో మరొకరు ఉండరు. నా కుడిచెయ్యి చేసినది ఎడమచేతికే కాదు, నాకు కూడా తెలియదు. స్త్రీల వైపు మూడవ వరుసలో ఉన్న మా ఆవిడకు మాత్రం పూర్తిగా తెలిసింది. ఒకటోసారి, రెండోసారి అనే మాటలకు మధ్య మనిషి లేచి నిలబడి గొంతు సవరించుకోవడానికి అవసరమైన వ్యవధి ఉండాలి. కార్యదర్శి గారు మూడింటినీ ఒకే ఊపిరిలో ముగించి బల్ల మీద సుత్తికి బదులు కొబ్బరికాయతో కొట్టారు. ముందు వరుసలోని ఇద్దరు పెద్దలూ ఒకరినొకరు చూసుకుని, కమిటీ ఎన్నికల తరువాత మొదటిసారిగా, కలిసి చప్పట్లు కొట్టారు. ఏకమనస్సు అంటే ఇదే కాబోలు.

మొదట ఆదివారపు బడి పిల్ల ఒకతె నోటుపుస్తకంతో నా దగ్గరకు వచ్చింది. “అంకుల్, పుంజు పాడింది మీరే కదా?” అని అడిగింది. “నేను పాడలేదమ్మా” అన్నాను. ఆమె వెళ్లి కోశాధికారి గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చేతిలో క్యూఆర్ కోడ్ అట్టముక్క ఉంది. “మిమ్మల్ని అందరం చూశామండీ, రెండు చేతులూ ఎత్తారు” అన్నారు. “అయ్యా, నేను పాడనే లేదండీ” అన్నాను. ఈ సంభాషణ దూరం నుంచి గమనించిన కార్యదర్శి గారు నా పక్షాన న్యాయం చేయదలచి, తీగ చాలినంత మేర నడిచి వచ్చి, మైకు నా నోటికి అందించి, “సహోదరుడు ఏదో చెప్పాలనుకుంటున్నారు” అన్నారు. వెనుక పొయ్యి మండుతోంది. చుట్టూ జనం నిలబడ్డారు. నేను సంఘమంతటి ఎదుట, మైకులో, వీధి చివరి టీ కొట్టు వరకు వినిపించేలా ప్రకటించాను:

“ఆ పుంజుతో నాకు ఏ సంబంధమూ లేదు.”

వెంటనే కోడి కూసెను.

మామూలు కూత కాదు. ఉదయం నుంచి దాచుకున్నదంతా ఒక్క దమ్ములో తీసింది. మైకు దగ్గరలోనే ఉండడం వల్ల ఆ కూత నాలుగు స్పీకర్లలోనూ పలికింది. ఒక క్షణం షామియానా కింద గాలి కూడా ఆడలేదు. ఆ తరువాత నవ్వు మొదట స్త్రీల వైపు నుంచి వచ్చిందా, పురుషుల వైపు నుంచి వచ్చిందా అనే విషయంలో సాక్ష్యాలు కలవడం లేదు. అయ్యగారు మర్యాదస్థులు గనుక గోడ వైపు తిరిగారు గాని ఆయన భుజాలు కదలడం వెనుక వరుసకు కూడా కనిపించింది. యేసును ఎరుగనని శిష్యుడైన పేతురు మూడవసారి బొంకగానే కోడి కూసిందనీ, ప్రభువు తిరిగి పేతురు వైపు చూచెననీ లూకా రాశాడు. ఇక్కడ మా ఆవిడ తిరిగి నా వైపు చూసింది. పేతురుకు కనీసం వెలుపలికి పోయి ఏడ్చే వీలు దొరికింది. నా స్కూటరుకు అడ్డంగా కమిటీ వారి కారు పెట్టి ఉంది.

ఇంతటితో ముగిసేదే గాని, మా సంఘంలో వాక్య జ్ఞానం మెండు. బైబిలు పరీక్షలలో ఏటా బహుమతి అందుకునే ఒక రిటైర్డు మాస్టారు లేచి, మత్తయి, లూకాల ప్రకారం కోడి కూయకముందే మూడుసార్లు ఎరుగననడం జరిగిందనీ, మార్కు ప్రకారం మాత్రం కోడి రెండుసార్లు కూయాలనీ గుర్తుచేశారు. దానితో జనం బిర్యానీ సంగతి కూడా మరచి రెండవ కూత కోసం నిలబడిపోయారు. పిల్లలు పుంజు ముందు గింజలు చల్లారు. ఒకాయన దాని వెనుక చేరి అరిచి చూశాడు. పుంజు గింజలు తిన్నది గాని నోరు తెరవలేదు. అది మత్తయి పక్షమని తేల్చి అందరూ భోజనాలకు కదిలారు.

డబ్బు కట్టాను. దానిని గురించి రాయడానికేమీ లేదు.

పాడుకున్న వస్తువును తిరిగి దేవునికే ఇచ్చేసే ఆచారం కూడా మాకు ఉంది. ఇచ్చేస్తే దానిని మళ్లీ పాటకు పెడతారు. మా ఫ్లాటులో పుంజుకు చోటు లేదు గనుక, మా ఆవిడ మాటలలో చెప్పాలంటే ఇద్దరికి చోటు లేదు గనుక, ఇచ్చేశాను. రొయ్యల చెరువుల యజమాని గారు దానిని పన్నెండు వందలకు దక్కించుకున్నారు. సాయంత్రం దాతల పేర్లు చదివేటప్పుడు ఆయన పేరు, ఇంటిపేరు, ఊరిపేరు, పన్నెండు వందల మొత్తం స్పష్టంగా వినిపించాయి, చప్పట్లు కూడా వినిపించాయి. నా వంతు వచ్చినప్పుడు “ఒక సహోదరుడు, మూడు వేల అయిదు వందలు” అని చదివి పేజీ తిప్పేశారు.

పేరు కోసం కాదు. లెక్కలు శుభ్రంగా ఉండాలి కదా అని, కుర్చీలు సర్దుతున్న కార్యదర్శి గారి దగ్గరకు వెళ్లి, వందనాలు చెప్పి, వీలైనంత సాత్వికంగా విషయం కదిపాను. ఆయన నోటుపుస్తకం తెరిచి, కళ్లజోడు సవరించుకుని, ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

“పాడింది మీరు కాదని మీరే మూడుసార్లు చెప్పారు కదా బ్రదర్. అందరూ విన్నారు. ఇక మీ పేరు ఎలా రాయమంటారు?”

రసీదు ఇంతవరకు రాలేదు.