బొద్దింకలకు చలివేంద్రం

ఎండలు ముదరగానే శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో తాటాకు పందిరి వేసి, కుండకి తడిగుడ్డ చుట్టి, వచ్చేపోయేవాళ్ళకి మజ్జిగ పోసేవారిని అందరూ మెచ్చుకుంటారు. సముద్రం అవతల మన జిల్లావాళ్ళు ఏడాది పొడుగునా నడిపే చలివేంద్రాల ఊసు ఎవరూ ఎత్తరు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి దుబాయికీ కువైట్‌కీ వెళ్ళిన ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు గదికి ఎనిమిదిమంది చొప్పున సర్దుకుంటూ కూడా, సింకు కింద ఈ సేవ ఒక్కరోజు మానలేదు. లబ్ధిదారులు బొద్దింకలు.

ఈ దానం విలువ తెలియాలంటే వాన లెక్క చూడాలి. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. దుబాయిలో మామూలు ఏడాది నూరు పడటమే కష్టం. బొద్దింక తిండి లేకుండా నెల్లాళ్ళు ఈడుస్తుంది గానీ, నీళ్ళు లేకపోతే రెండు వారాలు గడవడం గగనం. ఇసుకలో దొరకని చుక్క మన వంటగదిలో దొరుకుతుంటే అది ఇంకెక్కడికి పోతుంది?

పని చోట ఇదే ఫిట్టరు పైపులైనులో ఒత్తిడితో నీళ్ళు నింపి కారుతుందేమో చూసే హైడ్రోటెస్ట్ పెట్టి, గేజి ముల్లు వెంట్రుకవాసి జారినా ఫ్లాంజి విప్పి గాస్కెట్ మారుస్తాడు. గదికొచ్చాక కారే కొళాయిని చూసి "సుక్కే కదేటి బావూ, పోనీ" అంటాడు. నాగావళి, వంశధారల ఒడ్డున పుట్టినవాడికి కారే నీరు నేరంలా కనబడదు మరి. అర అంగుళం వాషర్ మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ ధర్మకార్యం మధ్యలో ఆపితే పాపం కదా!

చలివేంద్రానికి శాఖలు కూడా ఉన్నాయి. ఏసీ నీళ్ళు పడే బకెట్టు, ఫ్రిజ్ వెనక ట్రే, మూలన ఆనించిన తడి మాపు, పొద్దున్న తోముదామని నానబెట్టిన అన్నం గిన్నె. దానం మానేద్దామనుకునే నాస్తికులు రాత్రి పడుకునేముందు బకెట్టు పారబోసి, మాపు బయట ఆరేసి, సింకుని పొడిగుడ్డతో తుడిస్తే సరి. మందు పెట్టడం ఆ తర్వాత సంగతి.

మందు దగ్గర మనవాళ్ళ శౌర్యం వేరు. జెల్ ఎరని మినపగింజంత చుక్కలుగా అలమర బందుల దగ్గర, ఫ్రిజ్ మోటారు పక్కన, సింకు కింద పైపు గోడలోకి దూరేచోట పెడతారు. అంతవరకు బాగానే ఉంటుంది. సాయంత్రం ఒకటి కనబడగానే అదే చోట స్ప్రే కొడతారు. స్ప్రే వాసన తగిలిన ఎరని బొద్దింక ముట్టదు. పక్క గదికి పోయి, అక్కడివాళ్ళ ఆతిథ్యం స్వీకరిస్తుంది. వేడిగాలికి జెల్ ఎండి గట్టిపడితే కూడా తినదు. అప్పుడప్పుడు చూసి కొత్త చుక్క పెట్టాలి. బోరిక్ పొడి వాడేవారు ముగ్గుపిండిలా గీతలు గీస్తారు. కుప్ప కనబడితే బొద్దింక పక్కనుంచి వెళ్తుంది. కంటికి ఆననంత పలచగా ఉంటేనే కాళ్ళకి అంటుకుంటుంది. (ఎడారిలో నెలలు పనిచేసే ఆ పొడిని సెలవులో తెచ్చి ఉద్దానం పెంకుటింట్లో చల్లి, "అక్కడ సచ్చీవి, ఇక్కడ సావటం లేదేటి" అని ఆశ్చర్యపోతారు. మన ఉక్కకి అది ఉండకట్టేసింది, అంతే.)

తలవెనక రెండు నల్ల చారలున్న చిన్నవాటి సంగతి ఇది. బాత్రూములో కనబడే పెద్ద ఎర్రవి మురుగు గొట్టం దారిన వస్తాయి. నహానీ ట్రాప్‌లో, అంటే బాత్రూము నేలలో నీళ్ళు పోయే కన్నం కింద గిన్నెలాంటి గొట్టంలో, నీళ్ళు నిలిచి ఉన్నంతసేపూ ఆ దారి మూసే ఉంటుంది. రెండు నెలల సెలవుకి తాళం వేసి వెళ్తే ఎడారి గాలికి ఆ నీళ్ళు ఆవిరైపోయి, సింహద్వారం తెరుచుకుంటుంది. వెళ్ళేముందు లీటరు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల బేబీ ఆయిల్ వేస్తే ఆవిరి తగ్గుతుంది. వంటనూనె వేస్తే ముక్కిపోయి కంపు కొడుతుంది.

బొద్దింకలున్న ఇంటికి తేలు విందుకొస్తుంది. లావు పట్టకార్ల పెద్ద నల్ల తేలు, మండ్రగబ్బ అంటే మనకి హడల్. నిజానికి పట్టకార్లు సన్నగా, తోక లావుగా ఉన్నదానికే ఎక్కువ భయపడాలి. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే చీకట్లో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ బిగించండి, బూటు దులిపి తొడగండి. కుడితే ఊరికి ఫోన్ చేసి మంత్రం వేయించుకోవద్దు. ఎడారి తేలుకి తెలుగు రాదు. ఆసుపత్రికి పోవాలి.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే రకం ఒకటుంది. ధాన్యపు గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు దొంగచాటుగా కొని, గదిలో పెట్టి, తలుపేసి వెళ్ళిపోతాడు. మూడు గ్రాముల బిళ్ళ గాలిలో తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు లేదు. గోడ సందుల్లోంచి, ఏసీ గొట్టాల్లోంచి పక్క గదిలో నిద్రపోతున్న పిల్లల దాకా పోతుంది. ఈ ఒక్క పేరా వ్యంగ్యం కాదు.

ఇక నల్లి. వీసా, మెడికల్ ఏవీ అక్కర్లేకుండా తిరిగేది అదొక్కటే. ఇనప బంకు మంచం గొట్టాల్లో కాపురం ఉంటుంది. గొట్టాల చివర్లు టేపుతో మూసి, మంచాన్ని గోడకి జానెడు జరిపి, కాళ్ళ కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి లోపల పౌడరు రాస్తే ఎక్కలేదు. బట్టల్లోవి చావాలంటే వేడి కావాలి. నులక మంచం మీద మరిగే నీళ్ళు పోసిన మన ముసలమ్మలకి ఈ సూత్రం ఎప్పుడో తెలుసు. డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే గుడ్లతో సహా పోతాయి. ఎండలో పెట్టిన కారులో మూటలు పడేసేవారు మధ్యలో ఒక థర్మామీటరు దూర్చాలి. పైన కాలుతున్నా, మూట నడుమ యాభై డిగ్రీలు రాకపోతే అవి అక్కడ చల్లగా సేదతీరుతాయి.

ఇవేవీ చేయకుండా సెలవుకి బయల్దేరినవాడి పెట్టె కుట్టుసందుల్లో నాలుగైదు నల్లులు కూర్చుంటాయి. ఇచ్ఛాపురంలో రైలు దిగి ఇంటికి రాగానే, అత్తరు సీసాలు, సబ్బులు, చాక్లెట్లు చూడటానికి వీధంతా మూగుతుంది. అందరికీ కనబడాలి కదా అని పెట్టెని తీసుకెళ్ళి పట్టెమంచం మీద, కొత్త దుప్పటి పరిచి మరీ, తెరుస్తారు.