శనివారానికల్లా కుక్కపిల్ల

మొన్నామధ్య తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ మోగింది. అవతల న్యూజెర్సీ నుంచి ఒకబ్బాయి. "ఆంటీ, మీ దగ్గర డాషండ్ కుక్కపిల్లలున్నాయట కదా. మా అమ్మ ఏ.ఎస్.రావు నగర్‌లో ఒక్కతే ఉంటోంది. నాన్న పోయి ఏడాదవుతోంది. శనివారం అమ్మ పుట్టినరోజు. సర్‌ప్రైజ్‌గా ఒక పిల్లను ఇంటికి పంపించగలరా? డబ్బులు ఇప్పుడే వేసేస్తాను."

"అమ్మగారికి తెలుసా బాబూ?"

"చెప్తే వద్దంటుంది ఆంటీ."

వద్దంటుందని తెలిసి ఎలా పంపిస్తావయ్యా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆ పిల్లాడి గొంతులో దిగులు ఉంది. తల్లికి తోడుగా తాను లేడు, తన బదులు ఏదో ఒక ప్రాణం ఉండాలి. అది నాకు అర్థమవుతుంది. కానీ పంపను అన్నాను. కొంపల్లి నుంచో కూకట్‌పల్లి నుంచో వచ్చే ఫోన్ల కంటే డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి వచ్చేవాటికే నేను ఎక్కువగా పంపనని చెబుతుంటాను. ఎందుకో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

హైదరాబాద్ సైనిక్‌పురిలో మాది పాతకాలపు ఇల్లు. మూడు ఆడ డాషండ్లు ఉన్నాయి, పొడుగు నడుము, పొట్టి కాళ్ళ చిన్న జాతి కుక్కలు. ఏడాదికి ఒక ఈత, అంటే ఒక్కసారే పిల్లలు పుట్టడం, ఒక్కో ఏడు అదీ ఉండదు. దీన్ని వ్యాపారం అంటే మా ఆడిటరు నవ్వుతాడు. వేరేచోట ఇదే పని వేరే పద్ధతిలో జరుగుతుంది. ముప్పై, ముప్పై అయిదు రోజుల పిల్లను తల్లి దగ్గర్నుంచి లాగేసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ వయసులో పిల్ల దూదిపింజలా ఉంటుంది, ఇట్టే అమ్ముడుపోతుంది. ఇంకో నెల ఉంచితే తిండి ఖర్చు, టీకా ఖర్చు, పైగా మూతి కాస్త సాగి ముద్దు తగ్గుతుంది. అందుకని తొందర. మన దేశంలో 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలకు ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంచేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి, 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు, జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు. రాసి అయితే ఉంది. పాటించమని అడిగేది ఎవరు? కొనేవాడు అడగాలి. కొనేవాడేమో పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఫోటో చూసి లవ్ సింబల్ కొడుతున్నాడు.

అలా వచ్చిన పిల్ల నాలుగైదు రోజులు బాగానే ఆడుతుంది. ఆ తర్వాత తిండి మానేస్తుంది, వాంతులు, నెత్తుటి విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. అమ్మినచోటే అంటుకుని ఉంటుంది, బయటపడడానికి ఆ మాత్రం రోజులు పడుతుంది. అమ్మినవాడు "మీ ఇంట్లోనే వచ్చింది సార్" అంటాడు. నారాయణగూడ పశువుల ఆసుపత్రి ముందు తువ్వాలులో చుట్టిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దవాళ్ళను చూశాను. కొడుకు బహుమతిగా పంపిందట. ఆ తల్లి ఏడుస్తూ కొడుక్కి ఫోన్ చేయాలా వద్దా అని నన్ను అడిగింది. ఏం చెప్పను?

కుక్కపిల్ల మంచీచెడూ మీ ఇంటికొచ్చాక మొదలవదు. మీరు డబ్బు కట్టే నాటికే సగం కథ అయిపోయి ఉంటుంది.

తల్లి 63 రోజులు అటూఇటుగా మోసి ఈనుతుంది. పిల్లలకు కళ్ళు తెరుచుకోవు, చెవులు వినిపించవు, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి కూడా ఉండదు. మొదటి వారం పెట్టె లోపల ముప్పై డిగ్రీల వెచ్చదనం ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో నేను బల్బు వేలాడదీసి, పక్కనే చాప వేసుకుని పడుకుంటాను. మొదటి రోజు జున్నుపాలు అందరికీ అందాయా లేదా చూసుకోవాలి. నలుగురిలో బలమైనవాడు బలహీనుణ్ణి నెట్టేస్తాడు, అది మన ఇళ్ళలోనూ ఉన్నదే. పొద్దునా సాయంత్రం వంటింటి త్రాసు మీద తూకం. పది రోజులకు పుట్టిన బరువు రెట్టింపు కావాలి. ఒక్క రోజు ముల్లు కదలకపోయినా నాకు నిద్ర పట్టదు. రెండో వారం నుంచి నులిపురుగుల మందు. ఇదంతా ఓపిక ఉన్నవాళ్ళెవరైనా చేస్తారు. నేనూ మొదటి నుంచీ చేశాను. తప్పు చేసింది ఆ తర్వాత.

నా మొదటి ఈత అయిదు పిల్లలు. పార్వో భయంతో మేడ మీద గదిలో పెట్టి తాళం వేసినంత పని చేశాను. నేను తప్ప ఎవరూ పైకి రాకూడదు. వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపేశాను. గది అద్దంలా ఉండేది. పిల్లలు బొద్దుగా, ఆరోగ్యంగా పెరిగాయి. గొప్పగా పెంచానని మురిసిపోయాను. వాటిలో ఒకటి తార్నాకలో ఒక మాస్టారి ఇంటికి వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత చూడబోతే మంచం కింద నుంచి బయటికే రాలేదు. మిక్సీ వేస్తే ఉచ్చ పోసుకునేది. హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి చూస్తే కరవబోయేది. మాస్టారు నన్నొక్క మాట అనలేదు. "పిరికిది పాపం" అన్నారంతే. ఆ పిరికితనం దానికి పుట్టుకతో రాలేదు. నేను పెట్టింది.

మీరుండే అమెరికాలోనే, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీలో దీని మీద ఒక ప్రయోగం చేశారు. 1961లో అచ్చయింది. ఎత్తయిన కంచె వేసిన ఆవరణలో తల్లులతో పాటు పిల్లల్ని పెట్టి, మనుషులు కంటబడకుండా పెంచారు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడో వారంలో, అయిదులో, ఏడులో, తొమ్మిదిలో ఒక వారం పాటు బయటికి తెచ్చి మనుషులతో ఉంచారు. 14 వారాల దాకా మనిషి చేయి తగలని పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లాగే తప్పించుకు తిరిగాయి. అంటే మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఆ లోపల ఏది చూస్తే అది లోకంలో మామూలే అనుకుంటుంది. చూడనిదంతా దెయ్యమే.

మరి ఇక్కడే చిక్కు. జున్నుపాలతో తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని వారాల పాటు పిల్లను కాపాడుతుంది. అదే రక్షణ టీకానూ పనిచేయనివ్వదు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు కాబట్టి ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు నిండేదాకా టీకా వేస్తూ పోవాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. "డోసులన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించకండి" అని పెద్ద డాక్టర్లు కూడా చెబుతారు. వాళ్ళ భయం వాళ్ళది, కాదనను. కానీ డోసులు పూర్తయ్యేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. రోగంతో చావని పిల్ల భయంతో బతుకుతుంది. అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లోనే ఈ మాట చెప్పింది. మొదటి టీకా పడిన వారానికే జాగ్రత్తగా బయటి లోకం చూపించడం మొదలుపెట్టమంది.

నా పద్ధతి చెబుతాను. నేల మీద దించను, చంకలో తిప్పుతాను. పార్వో నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఫినాయిల్ వాసన మనకు తృప్తి తప్ప దానికేమీ కాదు, బ్లీచింగ్ కావాలి. అందుకని వచ్చినవాళ్ళ చెప్పులు గేటు బయట, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి. లోపల మాత్రం పిల్లల పెట్టె వంటింటి గుమ్మం పక్కనే ఉంటుంది. కుక్కరు విజిల్, మిక్సీ, స్టీలు గిన్నె పడిన చప్పుడు, కరెంటు పోతే పక్కింటి జనరేటర్. పొద్దున్నే బండి మీద మైకు పెట్టి "ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు" అని అరుచుకుంటూ పోయేవాడు. గ్యాస్ సిలిండరు దొర్లించే అబ్బాయిని రెండు నిమిషాలు కూర్చోబెట్టి చేతిలో పిల్లను పెడతాను. మొదట్లో సిగ్గుపడేవాడు, ఇప్పుడు తనే పేర్లు పెట్టేస్తున్నాడు. వీధి చివరి మెకానిక్ హెల్మెట్‌తో వస్తాడు, ఎదురింటి ఫాతిమా ఆంటీ బురఖాలో వస్తుంది, మా అత్తగారు వాకర్ తోసుకుంటూ వస్తుంది. ఆషాఢంలో పుట్టిన పిల్లలైతే అదృష్టవంతులు. బోనాల డప్పులు దూరంగా మొదలై దగ్గరకొస్తాయి. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఉడికించిన కోడి ముక్కలు ఒక్కొక్కటే నోట్లో పెడుతూ ఉంటాను. భయపడి బిగుసుకుపోతే బలవంతం చేయను, లోపలి గదికి తీసుకుపోతాను. బలవంతంగా చూపించడం కంటే చూపించకపోవడమే మేలు. డప్పుకి అలవాటు పడ్డ పిల్ల దీపావళికి మంచం కింద దూరదు. వర్షాకాలం ఉరుముల సంగతి మాత్రం నేనేమీ గ్యారంటీ ఇవ్వలేను.

చిన్న జాతి అనగానే చిన్న పని అనుకుంటారు. చిన్న ఒంట్లో నిల్వ తక్కువ. పసిప్రాణం ఒక పూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది. మోకాటి చిప్ప జారడం చిన్న జాతుల్లో తరచుగా చూస్తాం, అలాంటి కుక్కతో జత కట్టిస్తే పిల్లలకూ ఆ కుంటి నడకే దక్కుతుంది. డాషండ్ల జబ్బు వెన్నులో ఉంటుంది. పొడుగు నడుము, పొట్టి కాళ్ళు. బరువు పెరిగినా, సోఫా మీద నుంచి రోజూ దూకినా డిస్కు జారి వెనక కాళ్ళు పడిపోవచ్చు. ముద్దుగా పప్పన్నం నెయ్యి పెట్టి పీపాలా చేసేవాళ్ళకు నేను పిల్లనివ్వను. "టీకప్" కావాలని అడిగేవాళ్ళకూ ఇవ్వను, అలాంటి జాతే లేదు, బక్కచిక్కిన పిల్లకు పెట్టిన ముద్దుపేరు అది. ఇక పగ్. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట నడిచిన కుక్క పుణ్యమా అని ఊరంతా పగ్‌లే అయ్యాయి. నొక్కుకుపోయిన ముక్కుతో మన ఏప్రిల్, మే ఎండల్లో అది ఊపిరి కోసం పడే పాట్లు చూశాక, పగ్‌లు పెంచి అమ్మడానికి నాకు మనసొప్పలేదు. పెంచేవాళ్ళతో ఈ విషయంలో నాకు చాలాసార్లు మాటామాటా వచ్చింది.

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వాళ్ళ జాతి పేపర్లున్నాయా అని అందరూ అడుగుతారు. ఉన్నాయి, మైక్రోచిప్ కూడా ఉంది. అవి తల్లిదండ్రులెవరో చెబుతాయి, పిల్ల గుణం చెప్పవు. తల్లిని చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. కొత్తవాళ్ళు వస్తే ఆ తల్లి దగ్గరకొస్తుందా, గోడకు అతుక్కుంటుందా, మొరిగి ఆగుతుందా, ఆగకుండా మొరుగుతుందా చూడండి. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి. నేనూ ఎదురు ప్రశ్నలు వేస్తాను. పగలు ఇంట్లో ఎవరుంటారు? లిఫ్ట్ ఉందా? మీరు ఊరెళితే ఎవరు చూస్తారు? పెంచలేకపోతే ఎన్నేళ్ళకైనా నాకే తిరిగివ్వాలి, ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. పెళ్ళిచూపుల్లా ఉందని కొందరు విసుక్కుంటారు. ఉండనివ్వండి.

వీధిలో ఇన్ని కుక్కలుంటే నువ్వెందుకమ్మా పుట్టించడం అని మా అమ్మాయే అడుగుతుంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏడాదికి నాలుగు పిల్లల్ని జాగ్రత్తగా పెంచితే ఆ లెక్క మారదని తెలుసు. అందుకే ఏ జాతైనా ఫరవాలేదనే వాళ్ళను వెనక్కి పంపి, దిక్కులేని జంతువులను చూసుకునే బ్లూ క్రాస్‌కి వెళ్ళి చూడమంటాను. మన నాటు కుక్క ఈ ఎండకు పుట్టింది, ఈ ఎండలో బతకడం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఒక్క మాట, సెలవులకు వచ్చి పిల్లను వెంట తీసుకుపోదామనుకునేవాళ్ళకు. 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కను అమెరికాలోకి రానివ్వడం లేదు. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనమున్నాం కాబట్టి ఇక్కడ టీకా వేయించిన కుక్కకు కాగితాల తతంగం ఇంకా పెద్దది. మూడు వారాల సెలవులో తెమిలే పని కాదు.

ఇంతకీ న్యూజెర్సీ అబ్బాయి. "అమ్మగారి వయసెంత?" అన్నాను. డెబ్భై రెండు. డాషండ్ పన్నెండేళ్ళు, పద్నాలుగేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. లెక్క అతన్నే వేసుకోమన్నాను. రాత్రి రెండింటికి లేచి పిల్లను బయటికి తీసుకెళ్ళేదెవరో, సూదిపళ్ళతో చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతుంటే వంగి విడిపించేదెవరో కూడా ఆలోచించమన్నాను. అటు చాలాసేపు చప్పుడు లేదు. సర్‌ప్రైజ్ మానేసి అమ్మను ఒకసారి పంపించు బాబూ అని పెట్టేశాను.

ఆవిడ శనివారమే వచ్చింది, ఆటోలో, ఒక డబ్బాలో పులిహోరతో. పిల్లల దగ్గర గంటసేపు కూర్చుంది. "బాగున్నాయమ్మా, కానీ నా వల్ల కాదు" అంది. నేను సరేనన్నాను. కాఫీ తాగుతుంటే మా ఆడ డాషండ్లలో ఒకటి, జున్ను, వచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. జున్నుకు ఆరేళ్ళు. మూడు ఈతలు అయ్యాయి, ఆపరేషన్ చేయించేశాను. ఇక దాన్ని ఒక ఇంటికి ఒక్కర్తిగా పంపించాలని ఏడాదిగా చూస్తున్నాను. ఆవిడ కాలు కదపకుండా అరగంట అలాగే కూర్చుంది.

పదిహేను రోజులు ఉంచి చూడమని పంపించాను. వారానికి ఫోన్ చేసింది. పూజ గదిలోకి రాదట, చెప్పకుండానే గుమ్మం దగ్గర ఆగిపోతుందట. "ఇంకోటి చెప్పనా? నాకీమధ్య మతిమరుపు కదా, కుక్కరు పెట్టి టీవీ ముందు కూర్చుంటాను. మూడో విజిల్ రాగానే ఇది లేచి వచ్చి నా మొహంలోకి చూస్తుంది. స్టవ్ కట్టెయ్యవా అన్నట్టు."

వంటింటి గుమ్మం పక్కన పెరిగింది కదా, కోడి ముక్క కోసం చూస్తోందని నేను చెప్పలేదు.