అలుగుకు ఊలు పొలుసులు

విశాఖపట్నంలో ఊలు అల్లేవారిని సంఘం అనుమానంగా చూస్తుంది. మెడ మీద చెమట ఆరని ఊళ్లో స్వెట్టరు ఎవరికని దాని బాధ. అందుకే మనుషులకు అల్లడం మానేసి, ఒళ్లంతా పొలుసులుండే అడవి జంతువు అలుగు (పాంగోలిన్) బొమ్మ మొదలుపెట్టాను.

"అలుగంటే చెరువుకు ఉండేదే కదా?" అన్నారు పక్కింటి మాస్టారు. ఊరి అంచునే కంబాలకొండ అడవి ఉన్నా, రాత్రిపూట తిరిగే ఈ జీవిని మా వీధిలో చూసినవారు లేరు. పళ్లుండవు, పొడవాటి జిగురు నాలుకతో చీమలు, చెదలు తిని బతుకుతుంది. చిరుతపులి వచ్చినా కరవదు, ఉండలా చుట్టుకుని పడుకుంటుంది. అలకలో అంతటి ప్రావీణ్యం మా ఇంట్లో ఒక్కరికే ఉంది. పేరు చెబితే సాయంత్రం కాఫీ రాదు.

ఒళ్లు రెండు రోజుల్లో అయిపోయింది. పొలుసులే ప్రాణం తీశాయి. ఒక్కొక్కటీ విడిగా అల్లి, తోక నుంచి మెడ వైపు, పెంకుటింటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి వచ్చేలా కుట్టుకుపోవాలి. నేను మెడ నుంచి మొదలుపెట్టాను. ఈకలు నిక్కబొడుచుకున్న పందెం కోడి తయారైంది. మొత్తం విప్పి 142 పొలుసులు మళ్లీ కుట్టాను. మాస్టారు వచ్చి చూసి, పనసకాయ బాగా కుదిరిందన్నారు.

ఆ అవమానంలోనే నాకు దేశానికి పనికొచ్చే ఆలోచన తట్టింది. అలుగు పొలుసు కెరాటిన్. మన గోరూ, జుట్టూ అదే. గొర్రె ఊలు కూడా అదే! అంటే పొలుసుల పొడితో రోగాలు పోతాయని నమ్మేవారికి పాత స్వెట్టరు కషాయం కాచి ఇచ్చినా సరిపోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అలుగుల అంతర్జాతీయ వ్యాపారం వద్దని 2016లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. చైనా 2020లో తన అధికారిక ఔషధ జాబితా నుంచి పొలుసులను తీసేసింది. అయినా దొంగలు అడవి దిగలేదు. పాపం, వాళ్లకు అంత శ్రమ ఎందుకు? జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల సెలూన్లు ఊడిస్తే ఒక్క ఆదివారానికే బస్తాలు నిండుతాయి. మందు అదే, కేసు ఉండదు.

ఈ మేరకు అధికారులకు వినతిపత్రం రాస్తూ, సాక్ష్యంగా జతచేద్దామని ఊలు ఉండ మీది చీటీ తీసి చదివాను. నూటికి నూరు పాళ్లు యాక్రిలిక్. గొర్రెకు దానితో ఏ సంబంధమూ లేదు.

వినతిపత్రం చించేసి, అలుగును చెదలు పట్టిన పుస్తకాల బీరువాలో కూర్చోబెట్టాను. వారమైంది. ఇంతవరకు ఒక్క చెదనూ ముట్టలేదు.