స్టెంట్ గ్రాఫ్ట్ వేశాక గుండెను ఎవరు చూస్తున్నారు?

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని. అది ఉబ్బినా, చిరిగినా ఒకప్పుడు ఛాతీనో పొట్టనో కోయక తప్పేది కాదు. 1987లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో డాక్టర్ నికొలాయ్ వొలొదొస్, 1990లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో డాక్టర్ హువాన్ పరోడి తొడ దగ్గరి నాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్ అనే గొట్టాన్ని పంపి లోపల అమర్చాక దారి మారింది. మన కర్నూలు, కడప, అనంతపురం నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్నవాళ్లు కొన్ని రోజులకే ఇంటికి రాగలుగుతున్నారు. ప్రాణం నిలబడుతోంది. ఆ తర్వాత చూడాల్సినదాంట్లో మాత్రం మనం సగమే చూస్తున్నాం.

బృహద్ధమని ఉత్త గొట్టం కాదు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం అందులోకి వస్తుంది. నాళం సాగి, దాదాపు సగం రక్తాన్ని తనలో ఆపుకుంటుంది. గుండె వదులైనప్పుడు ముడుచుకుని దాన్ని ముందుకు పంపుతుంది. గుండె కండరానికి రక్తం అందేది కూడా ఎక్కువగా ఆ విరామంలోనే. స్టెంట్ గ్రాఫ్ట్ అంటే పాలిస్టర్ లాంటి గుడ్డకు లోహపు తీగల చట్రం. అది ఉన్నంత మేర నాళం సరిగా సాగదు. దాంతో పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ తగ్గుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాళంలో పుట్టే ఒత్తిడి అల వేగంగా పోయి, గుండె ఇంకా రక్తం నెడుతుండగానే వెనక్కి వచ్చి ఎదురు తగులుతుంది. బృహద్ధమనిలోకి రక్తం నెట్టే గుండె గది, అంటే ఎడమ జఠరిక మీద భారం పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే దాని గోడ మందమై, విప్పారే గుణం తగ్గి, నడిస్తే ఆయాసం వచ్చే పరిస్థితికి చేరవచ్చు.

ఇది అందరికీ ఒకేలా ఉండదు. 70 ఏళ్ల పెద్దాయనకు పొట్టలో ఉబ్బు 5.5 సెంటీమీటర్లు దాటిందంటే, అది పగిలే భయం ముందు ఈ గట్టిదనం చిన్న విషయం. ఆ వయసుకు నాళం ఎలాగూ గట్టిపడి ఉంటుంది. పొట్టలోని భాగం ఛాతీలోని దానికన్నా సహజంగానే తక్కువ సాగుతుంది. కోసి వేసే గుడ్డ గొట్టం కూడా గట్టిదే. కాబట్టి గ్రాఫ్ట్ వద్దని నేను అనను.

నా దిగులంతా పాతికేళ్ల కుర్రాళ్ల గురించి. 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వెళ్లే బండి గుద్దుకుంటే, ఆ ఊపుకు బృహద్ధమని చిరగవచ్చు. చిరిగేది ఎక్కువగా ఎడమ చేతికి వెళ్లే నాళం మొదలు దాటిన వెంటనే. సకాలంలో గ్రాఫ్ట్ పడి బతికినవాళ్లు దానితోనే 40, 50 ఏళ్లు గడపాలి. ఇలాంటి చిన్న వయసువాళ్లలో తర్వాత బీపీ రావడం, గుండె గోడ మందం కావడం వైద్యులు గమనించారు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఛాతీలో గ్రాఫ్ట్ వేసేటప్పుడు కొన్నిసార్లు ఎడమ చేతి నాళం మొదలును కూడా కప్పాల్సి వస్తుంది. అప్పుడు ఎడమ చేతిలో బీపీ తక్కువగా చూపిస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో, ఆరోగ్య కేంద్రంలోనో అదే చేతికి పట్టీ చుట్టి, 120 ఉందిలే అంటారు. కుడి చేతిలో అది 160 ఉండొచ్చు. కుర్రాడు ధైర్యంగా ఇంటికి వెళ్లిపోతాడు. గుండె మాత్రం ఆ 160కి ఎదురుగా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఏడాదికోసారి పెద్ద ఊరికి పోయి స్కాన్ తీయిస్తే గ్రాఫ్ట్ పక్కనుంచి లీక్ ఉందా, గ్రాఫ్ట్ ఉన్న చోటు నుంచి పక్కకు కదిలిందా అన్నది తెలుస్తుంది. అది తప్పనిసరి. గుండె ఎలా ఉందో చెప్పడానికి మాత్రం అది సరిపోదు. అందుకు ఎకో, అంటే గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష కావాలి. మన మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఎకో తీస్తారు, దానికోసం బెంగళూరు బస్సు ఎక్కక్కర్లేదు. నాళం ఎంత గట్టిదో కొలిచే యంత్రం లేకపోయినా మామూలు బీపీ మిషనే కొంత చెబుతుంది. పై బీపీకి, కింది బీపీకి తేడా 60 దాటి ఉంటోందంటే డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాలి.

గ్రాఫ్ట్ వేసిన ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసివ్వాలి: బీపీ ఏ చేతికి చూడాలి, ఎంత లోపు ఉండాలి, ఎకో మళ్లీ ఎప్పుడు తీయించాలి. ఆపరేషన్ అయిపోయింది కదా అని బీపీ మాత్ర ఆపేసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. డాక్టర్ చెప్పకుండా దాన్ని ఆపకూడదన్న మాట కూడా ఆ కాగితం మీదే ఉండాలి.