మా పార్కు ర్యాంపుగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ర్యాంపుగారి సముఖమునకు,

నమస్కారములు. గత ఆదివారం సాయంత్రం మనవరాలిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకొని తమ దర్శనానికి వచ్చిన ముసలివాణ్ణి నేనే. తాము గమనించి ఉండకపోవచ్చు. ఆ వేళ తమ వీపు మీద కడియం నర్సరీల నుంచి తెచ్చిన మందార కుండీలు 7 కొలువుదీరి ఉన్నాయి.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన నాకు ఎత్తుపల్లాలతో పెద్దగా పరిచయం లేదు. కొబ్బరి చెట్టు, కాలువ గట్టు తప్ప మా వైపు ఎక్కడానికి ఏమున్నాయి? ఆ లోటు తీర్చడానికే తాము అవతరించారని ఆ సాయంత్రం బోధపడింది. అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవున వాలు సాగాలని నిబంధన. గేటు ముందరి అరుగు అడుగున్నర గనుక తాము 18 అడుగులు పడుకోవలసింది పోయి, ఎంతో పొదుపుగా 4 అడుగులకే ముగించారు. మొదట్లోనే సిమెంటు పెచ్చు లేచిన చోట కుర్చీ ముందు చక్రాలు రెండూ తట్టుకొని నిలిచిపోగా, మా పిల్ల తమరిని కిందనుంచి పైదాకా పరిశీలించి, "తాతయ్యా, ఇది జారుడుబల్ల కదా, మరి మెట్లేవీ?" అని అడిగింది. ఎనిమిదేళ్లది, తప్పు పట్టకండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, కాలువల్లో నీటిమట్టం మారే చోట లాకులు కట్టి, ధాన్యం బస్తాలతో నిండిన పడవను తలుపుల మధ్య నిలిపి, నీరు నింపి, సరంగు నోటిలోని చుట్ట నుసి కూడా రాలనంత మెత్తగా పైకి లేపిన నేల ఇది. అదే నేల మీద ఇరవై కిలోల పిల్లను అడుగున్నర ఎత్తడానికి నేనూ, బఠాణీల బండి కుర్రవాడూ, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక బస్సు కండక్టరూ కావలసి వచ్చాము. కుండీలు పక్కకు జరిపినందుకు కాపలాదారు మమ్మల్ని కోప్పడ్డాడు. అవి సుందరీకరణలో భాగమట.

అంతా ఎక్కాక తమ శిఖరాన తిరుగుడు గేటు. పశువులు రాకుండా పెట్టారట. మేకలు దాని కిందనుంచి దూరి పోతూనే ఉన్నాయి. కుర్చీకి ఆ విద్య ఇంకా పట్టుబడలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, జనం వినోదానికి వచ్చే పాత కట్టడాలను సైతం అందరికీ అనువుగా మార్చాలని చెప్పి, 2017లో నియమాలు వెలువడ్డాక అయిదేళ్ల గడువు ఇచ్చింది. తాము గడువులోపే పుట్టారనీ, పుట్టిన రోజే ఫొటో దిగి పై ఆఫీసుకు వెళ్లారనీ విన్నాను. ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో వాలు కనబడదు గనుక తమ జన్మ సార్థకమైనట్లే.

లోపల తమ బంధువర్గమూ కులాసాగానే ఉన్నది. కుర్చీతో సహా ఎక్కి ఊగే ఊయల ఒకటి ఉన్నది, దాని చుట్టూ చక్రాలు దిగబడే ఇసుక ఉన్నది, గొలుసుకు తాళం ఉన్నది. ఆ తాళం మీద ఎండిపోయిన పసుపు, కుంకుమ బొట్లు చూస్తే, దాన్ని తీసే చెయ్యి కంటే పూజించే చెయ్యే ముందు వచ్చినట్లు తోచింది. నూరువరహాల పొదల నడుమ దారి మాత్రం చదునుగా, చల్లగా ఉన్నది. అక్కడికి ఎలా చేరామో తమకు చెప్పాలి కదా.

పార్కు వెనకాల చెత్త ట్రాక్టరు వచ్చే గేటు ఉన్నది. అరుగు లేదు, మెట్టు లేదు, కుండీ లేదు. రెండు కుర్చీలు పక్కపక్కనే పట్టేంత వెడల్పు. ట్రాక్టరు ఇబ్బంది పడకూడదని ఎవరో శ్రద్ధగా కట్టించారు. వచ్చే ఆదివారమూ మేము అటునుంచే వస్తాము. తాము మందారాలను జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు,
తమను ఒకసారి ఎక్కిన ఒక తాతయ్య